పచ్చి కుండ

చైత్ర పౌర్ణమికి రెండు రోజుల ముందు, రాత్రి బాగా పొద్దుపోయాక, బెంగళూరు నడిబొడ్డు నుంచి ఒక కుండ బయల్దేరుతుంది. నిప్పు ముఖం చూడని కుండ అది. కన్నడంలో దాని పేరు 'హసి కరగ'. హసి అంటే పచ్చి. తెలుగు కుమ్మరి కూడా సారె మీంచి దింపి ఇంకా ఆవానికి ఎక్కించని కుండను పచ్చి కుండే అంటాడు. పచ్చి కాయ, పచ్చి పుండు, పచ్చి బాలింత: తెలుగులో ఈ మాట ఎక్కడ తగిలినా అక్కడ ఏదో ఇంకా గట్టిపడలేదని అర్థం. చెయ్యి వేసేటప్పుడు కాస్త చూసుకోమని హెచ్చరిక.

కుండ బయల్దేరే చోట ఇప్పుడు కంఠీరవ స్టేడియం ఉంది. ఫ్లడ్‌లైట్లు, పరుగు పందేల ట్రాకు, గేటు బయట ఆటోలు. ఒకప్పుడు అదంతా సంపంగి చెరువు. ఆ చెరువు మట్టితోనే కరగ కుండ చెయ్యాలన్నది ఆచారం. చెరువు పోయాక కరగ కోసమని ఒక మూల చిన్న కుంట మిగిలింది. తిగళరపేట ధర్మరాయస్వామి గుడికి చెందిన పూజారి, కత్తులు పట్టిన వీరకుమారులు ఏటా ఈ ఘట్టానికి అటే నడుస్తారు. చుట్టూ ఊరు ఎంత మారినా వాళ్ళ దారి మాత్రం చెరువు గట్టుకు వెళ్ళే దారే.

మట్టి ఎక్కడిదైతేనేం? నర్సరీలో బస్తాల్లెక్కన దొరుకుతుంది. ఫోన్లో నొక్కితే అరకిలో పొట్లం కట్టి ఇంటికి తెచ్చిస్తారు. అదీ బంకమన్నే, అదీ తడిపితే ముద్దవుతుంది. మరి లేని చెరువు ఒడ్డుకు వెళ్ళి మరీ మట్టి ముట్టుకోవడంలో ఏముంది? పవిత్రత మట్టిలో ఉందా, ఒడ్డులో ఉందా, ఆ ఒడ్డు దాకా నడిచిన కాళ్ళలో ఉందా?

ఈ ప్రశ్న పైకి చిన్నదే. మన తర్కశాస్త్రం, ఉపనిషత్తులు, జానపదుల ఎల్లమ్మ కథ, కేంద్ర ప్రభుత్వ గెజిట్ నోటిఫికేషన్, అన్నీ ఎక్కడో ఒకచోట దీన్ని తాకుతూనే వెళ్ళాయి.

ముందు కరగ సంగతి. ఉత్సవం జరిపే తిగళులు తమను వహ్నికుల క్షత్రియులమని చెప్పుకుంటారు. వహ్ని అంటే అగ్ని. తరతరాలుగా తోటమాలులు, పూలు, కూరగాయలు పండించి ఊరికి అందించినవాళ్ళు. తోటకు నీళ్ళు కావాలి, నీళ్ళకు చెరువు కావాలి. కాబట్టి సంపంగి చెరువు వాళ్ళకు ఎంత గుడో అంత బతుకుతెరువు. వాళ్ళ దేవత ద్రౌపది, యజ్ఞకుండంలోంచి పుట్టిన ఆడపిల్ల. పాండవులు స్వర్గానికి నడుస్తుండగా వెనకబడిన ద్రౌపది తిమిరాసురుణ్ణి చంపడానికి శక్తిరూపం ధరించి వీరకుమారుల్ని పుట్టించిందని, పని అయ్యాక వెళ్ళిపోతుంటే వాళ్ళు వద్దని కాళ్ళావేళ్ళా పడ్డారని, ఏటా కొన్నాళ్ళు వచ్చి మీతో ఉంటానని ఆమె మాట ఇచ్చిందని కథ. ఆ మాట నిలబెట్టుకునే రోజులే కరగ.

ఇక్కడ ఆగి చూడాల్సింది ఒకటుంది. కులం అగ్నికులం. దేవత అగ్నిలో పుట్టింది. ఆమె వచ్చి కూర్చునే కుండ మాత్రం అగ్నిలో కాలనిది. ఈ ఏర్పాటు ఎవరు, ఎప్పుడు చేశారో తెలియదు కానీ యాదృచ్ఛికం అనిపించదు. వెళ్ళిపోవాల్సిన దేవతకు, మళ్ళీ రావాల్సిన దేవతకు పచ్చి మట్టి సరిపోతుంది. కాలిన కుండలో కూర్చోబెడితే ఆమె ఎలా వెళుతుంది?

పౌర్ణమి రాత్రి పూజారి ఆడవేషంలో, మల్లెపూల గోపురంలా అలంకరించిన కరగను తలకెత్తుకుని పాతపేట వీధుల్లో తిరుగుతాడు. చేత్తో పట్టుకోడు. దారిలో కాటన్‌పేటలోని తవక్కల్ మస్తాన్ దర్గా దగ్గర ఆగడం ఆనవాయితీ. ఎన్నో ఏళ్ళుగా ఇది మతసామరస్యానికి ఉదాహరణగా పత్రికలకెక్కుతోంది. పత్రికల్లో అంతగా రానిది ఇంకొకటి ఉంది. ఆ దర్గాకు వచ్చేవాళ్ళ గ్రంథమూ మనిషిని మట్టితోనే చేశారంటుంది. కుండ పెంకులా మోగే మట్టితో అని కూడా అంటుంది. తలమీద కుండ, లోపల సమాధి, ఇద్దరి కథల్లోనూ మొదట ఉన్నది ముద్ద మన్నే.

కరగ తెలుగువాళ్ళకు కొత్త మాట కాదు. గోదావరి జిల్లాల్లో అమ్మవారి జాతరలకు గరగలు ఎత్తుకుని ఆడతారు. తెలంగాణలో బోనం కుండ, ఘటం ఉన్నాయి. ఇక ఎల్లమ్మ కథ బవనీల జమిడిక మోతలో ఊరూరా విన్నదే. జమదగ్ని భార్య రేణుక రోజూ ఏటి ఒడ్డుకు వెళ్ళేది. అప్పటికప్పుడు ఒడ్డున ఉన్న ఇసుకా మన్నూ కలిపి కుండ చేసేది. పామును చుట్టకుదురుగా చుట్టి తలమీద పెట్టుకుని, ఆ పచ్చి కుండలోనే నీళ్ళు మోసుకొచ్చేది. ఒకనాడు నీళ్ళలో ఆడుతున్న గంధర్వుణ్ణి చూసి మనసు ఒక్క క్షణం చెదిరింది. కుండ విచ్చిపోయింది. తర్వాతి కథలో గొడ్డలి ఉంది, తెగిన తల ఉంది, ఊరూరా వెలసిన దేవత ఉంది.

ఈ కథను పాతివ్రత్య పరీక్షగా చదవడం రివాజు. ఇప్పటి పాఠకురాలికి అందులో కోపం తెప్పించే విషయాలు చాలానే ఉన్నాయి, ఆ కోపం న్యాయమైనదే. అయితే కథలోని చేతిపనిని ఒకసారి చూడాలి. రేణుక నిన్నటి కుండను ఇవాళ వాడదు. రోజూ ఒడ్డుకు వెళ్ళాలి, రోజూ కొత్తగా చెయ్యాలి. ఆమె తెచ్చే నీళ్ళకు ఆధారం కుండ గట్టిదనం అసలే కాదు. ఆమెకూ ఆ ఒడ్డుకూ మధ్య ఉన్న చనువు. పచ్చి కుండలో నీళ్ళు నిలవవని చిన్నపిల్లలకూ తెలుసు. నిలిచాయంటే ఏదో బయటి శక్తి దాన్ని పట్టి ఉంచిందనే అర్థం. కరగ పూజారి తలమీది కుండ గురించి భక్తులు చెప్పేదీ అదే మాట.

నిప్పు మట్టిని ఏం చేస్తుందన్నది ఇప్పుడు చూడాలి. బెంగళూరు నేల కింద ఉన్నది కోట్ల ఏళ్ళ నాటి నైస్ రాయి. అది వానకూ ఎండకూ చివికి ఎర్రమట్టి అయింది. అందులోని సన్నటి రేణువులు నీళ్ళతో కొట్టుకొచ్చి చెరువుల అడుగున చేరి బంకమన్ను అయ్యాయి. రేణువులు రేకుల్లా పలచగా ఉంటాయి. రేకుకూ రేకుకూ మధ్య నీరు చేరితే ఒకదానిమీద ఒకటి జారతాయి. చెయ్యి చెప్పినట్టు మట్టి వినడానికి కారణం ఆ జారుడే. ఎండబెడితే ఆ నీరు పోతుంది, మళ్ళీ తడిపితే మళ్ళీ ముద్దవుతుంది. ఆవంలో వేడి 450 డిగ్రీలు దాటి 600 దాకా పోతుంటే ఇంకో రకం నీరు పోతుంది. రేణువు నిర్మాణంలోనే భాగంగా ఉన్నది అది. దాంతో పాత అల్లిక కూలిపోతుంది. ఆ తర్వాత ఆ కుండను ఏడాదిపాటు చెరువులో నానబెట్టినా మట్టి కాదు, పెంకే.

సరిగ్గా ఈ ఘట్టం మీద మన తార్కికులు శతాబ్దాల పాటు వాదించుకున్నారు. పచ్చి కుండ నల్లగా లోపలికి వెళ్ళి ఎర్రగా బయటికి వస్తుంది. బయటికి వచ్చింది లోపలికి వెళ్ళిన కుండేనా? వైశేషికులు కాదన్నారు. నిప్పు తగలగానే కుండ పరమాణువుల దాకా విడిపోతుంది, పరమాణువులు ఎర్రబడతాయి, అవి తిరిగి కూడి కొత్త కుండ పుడుతుంది, ఇదంతా కంటికి అందనంత వేగంగా జరుగుతుంది. దీన్ని పీలుపాకం అన్నారు. పీలువంటే పరమాణువు. నైయాయికులు నవ్వారు. కుండకు సన్నటి రంధ్రాలున్నాయి, నిప్పు వాటిలో దూరి కుండను ఉన్నదున్నట్టే పండిస్తుంది, ఆవంలో పెట్టిన కుండే ఇదని గుర్తుపట్టగలుగుతున్నాం కదా అన్నారు. అది పిఠరపాకం. పదిహేడో శతాబ్దపు తెలుగువాడు అన్నంభట్టు తన తర్కసంగ్రహానికి తానే రాసుకున్న దీపికలో ఈ రెండు పక్షాలనూ పెట్టాడు. ఇవాళ్టికీ తర్కం మొదలుపెట్టే విద్యార్థి ముందు ఆ కుమ్మరి ఆవమే రాజుకుంటుంది.

ఇప్పటి రసాయనశాస్త్రం ముందు ఈ తగువు పెడితే ఇద్దరూ సగం సగం గెలుస్తారు. ఆకారం చెక్కుచెదరలేదు, కాబట్టి నైయాయికుడు సరే. లోపల అల్లిక కూలి వేరే పదార్థం అయింది, కాబట్టి వైశేషికుడూ సరే. కుమ్మరికి మాత్రం తీర్పు ఎప్పుడో తెలుసు. పచ్చి కుండ పగిలితే తిట్టుకుంటూ మళ్ళీ నీళ్ళలో వేస్తాడు. కాలిన కుండ పగిలితే పెంకులు ఏరి పెంటకుప్ప మీద పారబోస్తాడు.

ఛాందోగ్యంలో ఉద్దాలకుడు కొడుక్కి చెప్పిన మాట ఇక్కడ గుర్తుకొస్తుంది. ఒక్క మట్టిముద్దను తెలుసుకుంటే మట్టితో చేసినవన్నీ తెలిసినట్టే, కుండ అనీ మూకుడు అనీ పేర్లే తేడా, మట్టే సత్యం అన్నాడు. వేదాంతులకు ఇది మూలస్తంభం లాంటి పోలిక. సారె పక్కన కూర్చున్న మనిషి ఒక చిన్న సందేహం లేవనెత్తవచ్చు: స్వామీ, ఈ మాట పచ్చి కుండకు పూర్తిగా అన్వయిస్తుంది, ఆవం దిగిన కుండకూ అంతేనా? దాన్ని మళ్ళీ ముద్ద చేసి చూపిస్తారా? వేదాంతి దగ్గర దీనికి జవాబు ఉంటుంది. సత్యం అన్నది తిరిగి ముద్ద కావడం గురించిన మాట కాదంటాడు. కానీ ఆచారం నడిపిన జనం ఈ సందేహాన్ని తేలిగ్గా తీసుకోలేదు. ఏ పనికి పచ్చి మట్టి, ఏ పనికి కాలిన మట్టి అన్నది చాలా జాగ్రత్తగా విడదీశారు.

చవితి వినాయకుడు పచ్చి మట్టి. శివుడికి ఆ పూటకు చేసి పూజించి కలిపేసే పార్థివలింగం పచ్చి మట్టి. కంచి ఏకామ్రేశ్వరుడు పృథ్వీలింగం కనుక అభిషేకజలం పీఠానికే, లింగానికి తాకనివ్వరు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర ముగింపు మరీ విచిత్రం. మట్టితో అమ్మవారి విశ్వరూపం నిలబెడతారు, జనం కళ్ళారా చూస్తారు, తర్వాత ఆ రూపం చెంప తెగ్గొడతారు. ఆ మట్టి ముక్కల కోసం తోపులాట. ఇళ్ళకు తీసుకెళ్ళి దాచుకుంటారు, రోగమొస్తే నీళ్ళలో కలిపి పూస్తారు. దేవత అలా ఊరంతా పంపిణీ అవుతుంది. ముఖం కాలిన మట్టి అయితే ఇది కుదిరేది కాదు.

కాలిన కుండది వేరే దారి. అది గుర్తుపెట్టుకుంటుంది. దాని సన్నటి రంధ్రాల్లో పాలు, నెయ్యి, పులుపు, ఎంగిలి అన్నీ ఇంకుతాయి. రాగిచెంబు తోమితే శుద్ధి అవుతుంది. మట్టిపాత్ర మైలపడితే మళ్ళీ ఆవంలో కాల్చాలని, కొన్ని మైలలకైతే అదీ చాలదని ధర్మశాస్త్రాలు అన్నాయి. అందుకే తిరుమల వెంకన్నకు నైవేద్యం ఏరోజుకారోజు కొత్త ఓడులో పెడతారని సంప్రదాయం చెబుతుంది. ఆ కొండమీదే కురవనంబి కథ ఉంది. గుడికి వెళ్ళే తీరిక లేని ఆ కుమ్మరి, సారె ముందు కూర్చుని చేతికంటిన మట్టితోనే పూలు చేసి స్వామికి వేసేవాడట. తొండమాన్ చక్రవర్తి వేసిన బంగారు పూల మీద ఆ మట్టి పూలు కనిపించి రాజు గర్వం అణిగిందంటారు. ఆ పూలు కాల్చినవా పచ్చివా అని కథ చెప్పదు. సారె మీంచి అప్పుడే తీసినవి కనుక పచ్చివే అయి ఉండాలి.

చావు దగ్గర మళ్ళీ కాలిన కుండే. చితి చుట్టూ తిరిగేటప్పుడు భుజమ్మీది కడవకు చిల్లులు పెడతారు, చివరికి వెనక్కి విసిరి పగలగొడతారు. ఇక అతికేది లేదని కళ్ళకు కట్టినట్టు చూపడానికి అంతకంటే మంచి వస్తువు లేదు. యూదుల ప్రవక్త యిర్మీయా గ్రంథం 18వ అధ్యాయంలో కుమ్మరి ఇంట సారె మీద చెడిపోయిన పాత్ర మళ్ళీ ముద్దయి ఇంకో పాత్ర అవుతుంది. పశ్చాత్తాపానికి ఇంకా చోటుందని దాని తాత్పర్యం. 19వ అధ్యాయంలో అదే ప్రవక్త కాలిన కూజాను జనం ఎదుట పగలగొడతాడు, బాగుచెయ్యలేనిది అంటాడు. పక్కపక్క అధ్యాయాలు. ఎక్కడి యెరూషలేము, ఎక్కడి తిగళరపేట! పచ్చికీ కాలినదానికీ తేడా మాత్రం రెండుచోట్లా ఒకేలా తెలిసింది.

ఇక ఒడ్డు మాట. చెరువు గట్టున మట్టి తవ్వే కుమ్మరి ఊరికి అప్పుపడతాడా? పాత లెక్కలో అప్పు లేదు. ఎండాకాలం నీళ్ళు అడుగంటగానే కుమ్మరి బంకమన్ను తీసుకుపోయేవాడు, రైతు వండ్రు బండ్లకెత్తి పొలానికి తోలుకునేవాడు. ఆ తవ్వుడుతోనే చెరువులో పూడిక దిగేది, వచ్చే వానకు చోటు ఏర్పడేది. తీసుకోవడమే సేవ. తెలంగాణ ప్రభుత్వం 2015 మార్చిలో మిషన్ కాకతీయ మొదలుపెట్టి 46 వేలకు పైగా చెరువుల పూడిక తీయించాలనుకున్నప్పుడు, తీసిన మట్టిని రైతులు పొలాలకు తోలుకోవాలన్నది పథకంలో భాగం. ఒకప్పుడు ఊరు తనంతట తాను చేసుకున్న పనికి సర్కారు పేరు పెట్టింది.

గుళ్ళలో ఈ తీసుకోవడానికి ఒక తంతు ఉంది, దాని పేరు మృత్సంగ్రహణం. తిరుమల బ్రహ్మోత్సవాల ముందురోజు సాయంత్రం సేనాధిపతి విష్వక్సేనుడు ఊరేగింపుగా వసంత మండపానికి వెళ్తాడు. భూదేవిని నేలమీద రూపంగా గీసి, పూజించి, ఆమె దేహంలో చెప్పిన చోటి నుంచి మన్ను తీస్తారు. ఆ మన్ను పాలికల్లో పోసి నవధాన్యాలు చల్లితే అంకురార్పణ. పిడికెడు మట్టికి ఇంత మర్యాద ఎందుకంటే అది ఒకరి ఒంట్లోది కాబట్టి. అడిగి తీసుకోవాలి, తీసుకున్నది మొలకెత్తాలి.

ఆశ్చర్యంగా, ఇదే మర్యాద ఆఫీసు భాషలోనూ కనిపిస్తుంది. 2016 జనవరి 15న కేంద్ర పర్యావరణ శాఖ ఇసుక, మట్టి తవ్వకాలకు నిబంధనలు బిగిస్తూ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. అందులో పర్యావరణ అనుమతి అక్కర్లేని పనుల జాబితా ఉంది. కుండలు, ప్రమిదలు, బొమ్మల కోసం కుమ్మరులు తమ ఆచారం ప్రకారం, చేత్తో తీసుకునే మామూలు మట్టి ఆ జాబితాలో చేరింది. రెండు షరతులు గమనించాలి: చేత్తో తియ్యాలి, ఆచారం ప్రకారం తియ్యాలి. జేసీబీకి ఈ మినహాయింపు లేదు. చేతికి అలసట ఉంటుంది, ఆచారానికి హద్దు ఉంటుంది; గెజిట్ ఆ రెండింటినీ నమ్ముకుంది.

బెంగళూరులో ఈ మినహాయింపు వాడుకోవడానికి ఒడ్డు ఎక్కడుంది? కెంపేగౌడ 1537లో ఊరు కట్టినప్పటి నుంచి ఇది చెరువుల ఊరు. ఆయన తెలుగులో గంగాగౌరీ విలాసమనే యక్షగానం రాశాడని ప్రతీతి. ఒకరు నీళ్ళ దేవత, ఇంకొకరు చవితి ముందురోజు కన్నడ ఇళ్ళలో కొలువుదీరే దేవత. 1890లలో హెసరఘట్ట నుంచి గొట్టాల్లో నీళ్ళొచ్చాక ఊళ్ళోని చెరువులతో అవసరం తగ్గింది. ధర్మాంబుధి చెరువు మెజెస్టిక్ బస్టాండు అయింది. సంపంగి ఆటస్థలం అయింది. 1973 తర్వాతి నాలుగు దశాబ్దాల్లో నగరంలో నీటి విస్తీర్ణం 79 శాతం తగ్గిందని ఇక్కడి ఐఐఎస్‌సీ శాస్త్రవేత్త టి.వి. రామచంద్ర బృందం లెక్కగట్టింది. మిగిలిన పెద్ద చెరువుల్లో ఒకటైన బెళ్ళందూరు 2015లో నురగ కక్కింది, 2017 ఫిబ్రవరిలో నీళ్ళమీదే మంటలు లేచాయి. అగ్నికులపు దేవత పచ్చి కుండలో ఊరేగే ఊళ్ళో చెరువు కాలింది.

ఇక్కడ మైల ప్రశ్న తలకిందులవుతుంది. మనవాళ్ళు చేతులు మట్టితో తోముకునేవాళ్ళు. మట్టి శుద్ధి చేసే వస్తువు. మురుగుతో వచ్చే లోహాలు చెరువు అడుగు బురదలో చేరి కూర్చుంటే ఆ మట్టిని దేనితో కడగాలి? అన్నంభట్టు పాఠం ప్రకారం పృథివికి లక్షణం గంధం. తక్కిన భూతాల్లో లేనిది, మట్టిలోనే ఉన్నది వాసన. బెళ్ళందూరు కట్టమీద నిలబడితే ఆ లక్షణం గురించి ఎవరికీ సందేహం రాదు.

కంటోన్మెంట్ రైల్వే స్టేషన్‌కు దగ్గర్లో పాటరీ టౌన్ ఉంది. తమిళం, తెలుగు, కన్నడం కలగలిసి వినిపించే ఇరుకు వీధులు, గోడల వెంట ఆరబెట్టిన ప్రమిదలు, కూజాలు, చవితి ముందు వరుసలు తీరిన పచ్చి వినాయకులు. మట్టి ఇప్పుడు నగరం బయటి చెరువుల నుంచి లారీల్లో వస్తుంది. కుమ్మరికి మట్టి మట్టే అన్న వేదాంతం పనికిరాదు. చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలుపుతాడు, తాడులా పేని వంచి చూస్తాడు. చిట్లితే ఇసుక ఎక్కువ, అంటుకుంటే బంక ఎక్కువ. ఒక చెరువు మట్టికి అలవాటు పడ్డ చేతులు ఇంకో చెరువు మట్టితో మళ్ళీ మొదటి నుంచి పరిచయం చేసుకోవాలి. ఒడ్డు మారితే పవిత్రత మారుతుందో లేదో పండితులు తేల్చుకోవచ్చు. పాళ్ళు మాత్రం మారతాయి. ఈ వాడ కింది నుంచే మెట్రో గులాబీ లైన్ సొరంగం పోతోంది, స్టేషన్ పేరూ పాటరీ టౌనే. ఆ లైన్ సొరంగాలు తవ్విన యంత్రాల్లో ఒకదానికి అవని అని పేరు పెట్టారు. భూమిని తొలిచే యంత్రానికి భూమి పేరు పెట్టినవాళ్ళు మృత్సంగ్రహణం గురించి విని ఉంటారో లేదో.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వినాయకుల గొడవ కూడా నిజానికి ఈ పచ్చి మట్టి గొడవే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మే నెలలో సవరించిన మార్గదర్శకాలు ఆ విగ్రహాలు వద్దని, సహజమైన మట్టి వాడమని చెప్పాయి. హుస్సేన్‌సాగర్‌లో ఆ విగ్రహాల నిమజ్జనం మీద 2021లో తెలంగాణ హైకోర్టు నిషేధం, ఆ ఏటికి మాత్రం సుప్రీంకోర్టు మినహాయింపు, అందరికీ తెలిసినవే. ప్లాస్టర్ తయారీ జిప్సాన్ని కాల్చడంతో మొదలవుతుంది. నీళ్ళు కలపగానే గట్టిపడుతుంది, మట్టి లాగా తిరిగి ముద్ద కాదు. దాంతో చేసిన దేవుణ్ణి చెరువులో వేసి వెళ్ళిపొమ్మంటే వెళ్ళలేక, చెయ్యీ తొండమూ విరిగి గట్టున తేలతాడు. మర్నాడు క్రేన్లతో ఎత్తాల్సి వస్తుంది. నిమజ్జనం అన్న మాటకు ముంచడమన్న అర్థం మిగిలింది కానీ కలిసిపోవడమన్న అర్థం పోయింది.

దీనికి ఎదురు చెప్పేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ మాటలో బలమూ ఉంది. భావం ముఖ్యం, పదార్థం కాదంటారు. పసుపుముద్దను గౌరి అని కొలిచిన సంప్రదాయంలో మట్టి కోసం ఇంత పట్టుదలేమిటి? కరగ వాళ్ళకు చెరువు లేకున్నా కుంట చాలినట్టే, మనకు కుంట లేకున్నా బకెట్ చాలదా?

చాలవచ్చు. పసుపుముద్ద కూడా పచ్చిదే కదా; నీళ్ళలో వేస్తే కలిసిపోయేదే. పదార్థం ఏదైనా కావచ్చు, అది వచ్చిన చోటికి వెళ్ళగలిగేలా ఉండాలన్నదే సంప్రదాయం పట్టిన పట్టు. సంపంగి కుంట దగ్గరికి ఏటా నడిచేవాళ్ళు పట్టుకున్నదీ ఆ కొసనే. వాళ్ళకు ఆ చెరువు నుంచి కుండలకు సరిపడా మట్టి అక్కర్లేదు, ఒక్క కుండకు చాలు. కానీ కుండ వెనక్కి వెళ్ళడానికి ఒక తడి మూల ఉండాలి. స్టేడియం గోడ ఆ మూలను వదిలి కట్టాల్సి వచ్చింది. నగరం మొత్తం మీద మట్టి తన సొంత చిరునామాతో మిగిలిన చోటు బహుశా అదొక్కటే.

చవితి వెళ్ళిన మూడో రోజు, వైట్‌ఫీల్డ్‌లోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో పన్నెండో అంతస్తు బాల్కనీలో ఒక ప్లాస్టిక్ బకెట్ కనిపిస్తుంది. అందులో జానెడు వినాయకుడు నడుందాకా నీళ్ళలో ఉంటాడు. మొదట కిరీటం అంచు మెత్తబడుతుంది, తర్వాత తొండం జారుతుంది, రాత్రికి బొజ్జ అడుగుకు చేరుతుంది. తెల్లారేసరికి బకెట్లో మిగిలేది చిక్కటి నీళ్ళు, అడుగున నాలుగు పిడికిళ్ళ మన్ను, ఒకటి రెండు పత్రి ఆకులు, కళ్ళకు పెట్టిన రెండు గురివింద గింజలు. గింజలు ఏరి పక్కన పెడతారు. నీళ్ళు నెమ్మదిగా ఒంపి తులసి కుండీలో పోస్తారు. కుండీ బహుశా పలమనేరు వైపు నుంచి వచ్చిన ఎర్రమట్టిది, బాగా కాలింది, వేలితో కొడితే ఖంగుమంటుంది. పోసిన మన్ను అందులో కాసేపు పైన తేలి, బుడగలు వదులుతూ, మొదలు దగ్గర ఇంకిపోతుంది.